ఎర్ర పట్టీదా, పసుపు పట్టీదా

మా వంటింటి బల్ల దగ్గర

ఒరేయ్ తమ్ముడూ,

ఇక్కడ అందరం బాగున్నాం, నా నోటితో సహా. ఫోన్ చేయకుండా మళ్ళీ కాగితమేమిటని గొణక్కు. ఫోన్లో నాకు కోపమొస్తే నేను పెట్టేస్తాను, నీకు కోపమొస్తే "సిగ్నల్ లేదక్కా" అని నువ్వు పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా సగంలో పెట్టెయ్యలేవు. చివరిదాకా తిట్లు తినాల్సిందే.

సంగతేమిటంటే, నేను మళ్ళీ బడికి వెళ్తున్నాను. ఈసారి నాది వెనక బెంచీ. మా వీధి చివరి గ్రంథాలయంలో పెద్దవాళ్ళకి ఫోటోలు తీయడం నేర్పుతున్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నల్లబల్ల మీద కటకం బొమ్మ గీసి, వెలుగు ఎటు వంగుతుందో ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ చెప్పాను గానీ, ఒక్కసారైనా కెమెరా మీట నొక్కినదాన్ని కాను. పాఠం చెప్పే అమ్మాయితో ఆ మాటంటే, "పర్వాలేదు అమ్మమ్మగారూ, థియరీ మర్చిపోండి" అంది. నేను కూడా మర్చిపోతే ఇంక దాన్ని గుర్తుపెట్టుకునేదెవరు?

సొంత కెమెరా ఉండాలట. ఫోను పనికిరాదు. లోపల అద్దం టప్పుమని లేచి పడే డీఎస్ఎల్ఆర్ కావాలి. కొత్తవాళ్ళకి సరిపడేవని కొట్లో రెండు చూపించారు. రెండూ నల్లవే. ఎత్తూ లావూ ఒకటే, మెగాపిక్సెళ్ళూ ఒకటే, ధరలో వెంట్రుకవాసి తేడా. మెడలో వేసుకునే పట్టీ మీద మాత్రం ఒకదానికి ఎర్ర అక్షరాలు, ఇంకోదానికి పసుపు అక్షరాలు. కవలపిల్లల్ని చూసి ఎవరు పెద్ద అని అడిగినట్టుంది నా పరిస్థితి. అయినా నాకు ఎర్ర పట్టీదే నచ్చింది. చేతిలో బుద్ధిగా కూర్చుంది.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు కూడా అదే కొనాలి. ఒకే కంపెనీదైతే లెన్సులు ఇద్దరికీ పనికొస్తాయి. నేను దగ్గరి లెన్సు కొంటాను, చీమ మీసం కూడా కనిపిస్తుందట. నువ్వు దూరపు లెన్సు కొను. మీ ఊరికీ మా ఊరికీ సరిగ్గా మధ్యలో ఉంది కదా పెద్ద స్టేషను, నెలకోసారి అక్కడ బల్ల మీద కూర్చుని మార్చుకుందాం. బస్సు దిగుతూ జారిపడ్డప్పుడు నీ మోకాలికి వేసిన కట్టు ఎప్పుడో విప్పేశారని మీ కోడలు చెప్పింది. కాబట్టి సాకులు వెతక్కు.

నీ అక్క

*

మేడమీద నా గదిలో

పంతులమ్మ అక్కకి,

ఇక్కడా అందరం బాగానే ఉన్నాం. నీ ఉత్తరం చదివాక కొంచెం తగ్గాం.

కెమెరా ఆలోచన మాత్రం మంచిదే. ఉద్యోగం మానేశాక నా కళ్ళకి పనిలేకుండా పోయింది. వంతెనల కింద పగుళ్ళు వెతికిన కళ్ళు ఇప్పుడు గోడ మీద సున్నం పగుళ్ళు లెక్కపెడుతున్నాయి. అయితే నీ ఎంపిక తప్పు. నిన్న సాయంత్రం అలా నడుచుకుంటూ కొట్టుదాకా వెళ్ళి రెండూ చూసొచ్చాను. పసుపు పట్టీదే మేలు. దాని బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఫోకస్ పట్టే చుక్కలు ఎర్రదానికి తొమ్మిది, దీనికి పదకొండు. బరువు కూడా పసుపుదే కాస్త తక్కువ, అరటిపండు తొక్కంత. ఎర్రది నీ చేతిలో బుద్ధిగా కూర్చుందంటే అది దాని గొప్ప కాదు, నీ చేతిలో ఏదైనా అలాగే కూర్చుంటుంది, భయంతో.

లెన్సులు పంచుకోవడం బాగుంది. కానీ ఆ చిన్న వస్తువు కోసం ఇద్దరు ముసలాళ్ళు రైళ్ళెక్కి స్టేషన్లలో కలుసుకోవడం దేనికి? నాలుగు పొరలు గుడ్డ చుట్టి పార్సిల్ వేస్తే మర్నాడు నీ గుమ్మంలో ఉంటుంది.

మోకాలు బాగానే ఉంది, అడిగినందుకు సంతోషం. నువ్వు అడగలేదనుకో.

తమ్ముడు

*

గ్రంథాలయం, వెనక బెంచీ

ఇంజినీరు గారికి,

తమరు సెలవిచ్చిన పసుపు పట్టీ కెమెరాని మళ్ళీ వెళ్ళి చూశాను. దానికీ నాకూ పొత్తు కుదరదు. మీట తిప్పగానే తెర మీద "మీరిప్పుడు ఏం తీయబోతున్నారు? నిద్రపోతున్న మనిషినా? కదులుతున్న వస్తువునా?" అని అడుగుతుంది. చెప్తే "అయితే ఇలా చేయండి" అని పాఠం మొదలుపెడుతుంది. నాకు పాఠం! "నేనెవరనుకున్నావు?" అని గట్టిగానే అన్నాను. కొట్టావిడ బల్ల కిందికి వంగింది. ఏదో పడిపోయిందని చెప్పింది గానీ, అక్కడ పడింది నా పరువే.

ఇంకో విచిత్రం చూశావా? ఎర్రదానికి లెన్సు ఒకవైపు తిప్పితే బిగుస్తుంది, పసుపుదానికి అటు తిప్పితే ఊడి వస్తుంది. దగ్గరికీ దూరానికీ జరిపే రింగు కూడా అంతే, ఒకటి ఎడమకైతే ఒకటి కుడికి. ఒకే కడుపున పుట్టినట్టు కనిపిస్తూ ప్రతిదానికీ ఎదురు తిరగడం! ఎవరో గుర్తొచ్చారు నాకు. పేరు చెప్పను.

అది సరేగాని, ఒక అనుమానం. నువ్వు ఏ వస్తువునైనా వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి వినకుండా నమ్మవు. మా ఇంట్లోకి కొత్త బీరువా వస్తే బీరువాని తట్టావు, దాని వెనక గోడని తట్టావు, పొలమారిన మీ బావగారి వీపుని కూడా అదే పద్ధతిలో తట్టి "లోపల బోలుగా ఉంది" అన్నావు. అలాంటివాడివి, రెండు కొత్త కెమెరాలు చేతికొస్తే చప్పుడు గురించి ఒక్క ముక్క రాయలేదేం? చుక్కలూ బరువూ బ్యాటరీ, ఇవన్నీ డబ్బా మీదే అచ్చేసి ఉంటాయి.

రైలు సంగతి దాటేశావు. నేను దాటనివ్వను.

అక్క

*

మేడమీద నా గదిలో

అక్కా,

పరాయి కొట్లో వస్తువుని టకటకా తడితే ఊరుకుంటారా? మర్యాద అనేది ఒకటి ఉంటుంది. నీకు అలవాటు లేని విషయం కాబట్టి వదిలేస్తున్నాను.

దూరపు లెన్సు నాకెందుకో చెప్తాను విను. మా వీధిలో ఎంత సినిమా నడుస్తుందో నీకు తెలీదు. పొద్దున్నే పేపర్లమ్మే ఆయన టోపీ వస్తుంది. ఆ టోపీ అంచు ఒకవైపు వాడిపోయింది, రోజూ ఎండ ఆ పక్క నుంచే కదా. తర్వాత బడిపిల్లల పాపిళ్ళు, కొన్ని సూటిగా, కొన్ని పాము పాకినట్టు. తల్లి తొందరలో ఉందో తీరిగ్గా ఉందో పాపిట చూసి చెప్పేయొచ్చు. మా పోస్టాయనకి నడినెత్తిన వెంట్రుకలు ఊడిన చోటు సరిగ్గా గుండ్రంగా ఉంటుంది, వృత్తలేఖినితో గీసినట్టు. వానొస్తే ఇంక చెప్పక్కర్లేదు, గొడుగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వెళ్తుంటే ఎవరిది ఎవరికి దారిస్తుందో చూడాలి. దూరపు లెన్సుంటే ఎవరి దగ్గరికీ వెళ్ళకుండా, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా ఇవన్నీ తీసుకోవచ్చు.

పసుపు పట్టీదే కొందాం. అది పాఠాలు చెప్పడం నీకు ఇష్టం లేకపోతే ఆ మీట ఇంకోవైపు తిప్పుకోవచ్చు, అది నోరు మూసుకుంటుందట. ఆ సౌకర్యం అందరిలోనూ ఉండదు.

ఈ నెల రైలు కుదరదు. బండ్లు చాలా రద్దీగా ఉన్నాయని విన్నాను.

తమ్ముడు

*

మా వంటింటి బల్ల దగ్గర

తమ్ముడికి,

విన్నావా? ఎవరి దగ్గర విన్నావు? సరే.

మనవరాలు నన్ను చూసి నవ్వుతోంది. "అమ్మమ్మా, కెమెరా కొంటావా, కెమెరా మీద పరిశోధన రాస్తావా?" అంటోంది. క్లాసులో అందరూ పూలూ పిల్లులూ తీసుకుంటుంటే నేను ఒట్టి చేతులతో కూర్చుని వాళ్ళ తప్పులు దిద్దుతున్నాను. వాళ్ళకి నా మీద ప్రేమ తగ్గుతోందని తెలుస్తూనే ఉంది.

నేను ఎర్రదంటాను, నువ్వు పసుపుదంటావు. నేను దిగను, నువ్వూ దిగవు. ఇంక నీ ఇష్టం వచ్చింది నువ్వు కొనుక్కో. నా సంగతి నేను చూసుకుంటాను. చిన్నప్పుడు ఒక్క సైకిలు కోసం ఇద్దరం పోట్లాడుకుంటే నాన్న దాన్ని పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు. ఈసారి ఇచ్చేయడానికి నాన్న లేడు, కాబట్టి మనమే పెద్దవాళ్ళలా ఉందాం.

అక్క

*

మేడమీద నా గదిలో

అక్కా,

కూర్చుని చదువు. ఓడిపోయాను.

నీ ఆఖరి ఉత్తరంలో ఒక్క తిట్టు కూడా లేదు. మూడుసార్లు వెతికాను. "పెద్దవాళ్ళలా ఉందాం" అంటావా నువ్వు? నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆ కంగారులో కోడలితో "ఎర్ర పట్టీదే పట్రా, మా అక్క చెప్పిందే" అన్నాను. ఆఫీసు నుంచి వస్తూ తెచ్చింది. దూరపు లెన్సు కూడా తెప్పించాను. తట్టి చూశాను. లోపల ఎక్కడా బోలు లేదు. నువ్వు చెప్పినట్టే చేతిలో బుద్ధిగా కూర్చుంది. ఈ వాక్యాన్ని నువ్వు చట్రం కట్టించుకుంటావని తెలిసే రాస్తున్నాను.

చిటికెనవేలు ఒక్కటి కింద ఆసరా లేక వేలాడుతోంది. అది పసుపు పట్టీ పక్షం.

ఫోటోలు పంపుతున్నాను. అచ్చు వేయించింది కూడా కోడలే. పోస్టాయన గుండ్రం చూడు, నేను అబద్ధం చెప్పానా? నీ దగ్గరి లెన్సు కొన్నాక చెప్పు, నాది పార్సిల్ వేస్తాను. గుడ్డలు సిద్ధంగా ఉన్నాయి.

తమ్ముడు

*

గ్రంథాలయం, కిటికీ పక్క

తమ్ముడూ,

నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. నేను పసుపు పట్టీది కొన్నాను.

ఇన్నిసార్లు చెప్పావు కదా, నీ మాట ఒక్కసారైనా వింటే పోయేదేముందని వెళ్ళి కొన్నాను. దగ్గరి లెన్సు కూడా పసుపుదే. ఇప్పుడు నీ లెన్సు నా కెమెరాకి పట్టదు, నాది నీ కెమెరాకి పట్టదు. నువ్వు చుట్టిపెట్టిన గుడ్డలు మీ కోడలికిచ్చెయ్, కిటికీలు తుడుచుకుంటుంది. కొట్టావిడ తిరిగి తీసుకోదట. నా వైపు చూసి "మీరు మళ్ళీ ఆలోచిస్తారా?" అని వణికిపోయింది పాపం.

నీ ఫోటోలు చూశాను. ఒక్కొక్కటీ చాలాసేపు చూశాను. బాగా తీశావు. గొడుగుల ఫోటో మా టీచరమ్మాయికి చూపిస్తే నోరు తెరిచింది. కానీ ఒరేయ్, ఇందులో టోపీలున్నాయి, పాపిళ్ళున్నాయి, బట్టతల ఉంది. మొహం ఒక్కటీ లేదు. అప్పుడు నీ పాత ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అందులోనూ అంతే. నేను పాఠం చెప్పి బతికినదాన్ని. ఎక్కడ నిలబడి చూస్తే ఏది ఎలా కనిపిస్తుందో నాకు బొమ్మ గీసి చూపించక్కర్లేదు. మనుషుల నడినెత్తులే కనిపించాలంటే చూసేవాడు ఎప్పుడూ పైనే ఉండాలి. ఒకే కిటికీలో. నీ ఫోటోలన్నింట్లో కింద ఎడమ మూల కిటికీ ఊచ నీడ కూడా పడింది, నువ్వు గమనించలేదు.

కొట్టుకి నడిచి వెళ్ళానన్నావు. వెళ్ళలేదు కదూ?

వేళాకోళం కాదు, అడుగుతున్నాను. గేటు దాటి ఎన్నాళ్ళయిందిరా?

అక్క

*

మేడమీద నా గదిలో

అక్కా,

నీ ఉత్తరం రాగానే కోపమొచ్చింది. "ఈవిడకి భూతద్దం ఒకటే తక్కువ, ఇప్పుడు అదీ కొనుక్కుంది" అని గట్టిగా అనుకున్నాను. జవాబు రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే నువ్వు ఫోన్ చేస్తావు. నోటితో చెప్పలేను. అందుకని రాస్తున్నాను.

వెళ్ళలేదు. కొట్టుకీ వెళ్ళలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు. బస్సులోంచి పడ్డ రోజే ఆఖరు.

దెబ్బ పెద్దది కాదు, నువ్వన్నట్టు కట్టు ఎప్పుడో విప్పేశారు. డాక్టరు నా మోకాలు వంచి, చాపి, "దీన్ని ఇంకో పాతికేళ్ళు వాడుకోవచ్చు" అన్నాడు. తప్పు మోకాలిది కాదు. ఆ రోజు ఇద్దరు నా చంకల కింద చేతులు వేసి లేపారు. ఒకతను నా సంచి దులిపాడు. ఒక బూటు ఊడి బస్సు కింద పడితే ఒకావిడ వంగి తీసి, నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, కాలికి తొడిగి లేసు కూడా కట్టింది. ముడి మీద ముడి వేసింది, పసిపిల్లలకి వేసినట్టు. ఎవరూ నవ్వలేదక్కా. నవ్వినా బాగుండేది. అందరూ ఎంతో మంచిగా మాట్లాడారు. ఆ ముడి ఇంటికొచ్చాక కోడలు విప్పింది. నా వల్ల కాలేదు.

ఉద్యోగమంతా నా పని ఒక్కటే. వంతెన కిందికి దిగి, సుత్తితో తట్టి, చప్పుడు విని, ఇది నిలబడుతుంది, ఇది నిలబడదు అని చెప్పడం. నేను నిలబడుతుందన్న వంతెన మీద రైళ్ళు పోయాయి. ఇప్పుడు నా కాలు పెట్టబోయే చోటు నిలబడుతుందో లేదో నాకే తెలీడం లేదు. గేటుదాకా వెళ్తాను. గడియ మీద చెయ్యి వేస్తాను. అరచెయ్యి తడిసిపోతుంది. ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి వచ్చేస్తాను. ఇంట్లోవాళ్ళు నాకు మతిమరుపు వచ్చిందనుకుంటున్నారు. అదే నయమని ఊరుకున్నాను.

ఇంక నాదొక ప్రశ్న. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నిన్ను చూస్తున్నాను. ఇంకొకళ్ళ మాట విని నువ్వు ఏదైనా కొన్నావా, ఒక్కసారైనా? నిజం చెప్పు. ఆ పసుపు పట్టీది నా మాట వినే కొన్నావా?

తమ్ముడు

*

మా వంటింటి బల్ల దగ్గర

నాన్నా,

లేదు. నీ మాట వినలేదు. ఎర్ర పట్టీది కొనడానికి చేతిసంచి తీసుకుని గుమ్మంలోకి వచ్చాను, అప్పుడే నీ ఉత్తరం, ఫోటోలు వచ్చాయి. చెప్పులు విప్పకుండానే చదివాను. ఆ నడినెత్తులన్నీ చూశాను. "పార్సిల్ వేస్తాను" అన్న మాట చూశాను. అప్పుడు వెళ్ళి పసుపుది కొన్నాను, ఆ పాఠాలు చెప్పే మహాతల్లినే. నీ ఉత్తరం రాకముందే కొనేసినట్టు నటించాను. ఇంతకంటే సంజాయిషీ నా దగ్గర లేదు.

ఎందుకో నీకు తెలుసు. నేను కూడా ఎర్రదే కొంటే, నీ లెన్సుని గుడ్డలో చుట్టి పంపేసి నువ్వు కిటికీలోనే కూర్చుంటావు. ఇప్పుడు ఆ లెన్సు ఒక్కటే వస్తే నాకు పనికిరాదు. దాంతోపాటు దాని కెమెరా రావాలి, కెమెరాతోపాటు పట్టీ రావాలి, పట్టీతోపాటు అది వేలాడే మెడ రావాలి. మెడని పార్సిల్లో తీసుకోరు, కనుక్కున్నాను.

ధైర్యం చెప్పను నీకు. "ఏం కాదు, వెళ్ళు" అని చెప్పేవాళ్ళని చూస్తే నాకే ఒళ్ళు మండుతుంది. ఏమైనా కావచ్చు. మెట్లు జారతాయి, బస్సులు కదులుతాయి, మనుషులు పడతారు, ఎవరో లేపుతారు. కానీ ఒక్కటి అడుగుతాను. నువ్వు ఏ వంతెన మీదైనా నమ్మకంతో నడిచావా? తట్టి నడిచావు. తట్టి, విని, ఒక అడుగు వేసి, మళ్ళీ తట్టి. నీ పద్ధతి నీకుంది కదరా, దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేశావెందుకు? ఒక కర్ర తీసుకో. మూతి ముడవకు, ముసలితనం అనుకోకు. సుత్తికి పొడుగుపిడి వేశారనుకో. గేటుని తట్టు. గేటు బయట నేలని తట్టు. లోపల బోలుగా ఉంటే వెనక్కి రా, ఇంజినీరుగా వెనక్కి రా. లేకపోతే ఒక అడుగు వెయ్.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆ మధ్య స్టేషనుకి నేను వెళ్తున్నాను. నువ్వు రాకపోతే తిట్టను. అంతకంటే పెద్ద శిక్ష నాకు తోచలేదు.

అక్క

*

మా వీధి చివర, బస్సు స్టాపు బల్ల మీద

అక్కా,

పైన ఏం రాశానో చూశావా? ఒకసారి మళ్ళీ చూడు.

పక్కింటాయన చేతికర్ర అడిగి తీసుకున్నాను. నాలుగు రోజులు గేటు లోపలే తట్టాను. ఐదో రోజు బయట తట్టాను. ఒకామె ఆగి "ఏమైనా పారేసుకున్నారా?" అంది. "వెతుకుతున్నానమ్మా" అన్నాను. ఆవిడా నాతోపాటు కాసేపు వెతికింది. ఏం వెతుకుతున్నామో అడగలేదు, మంచి మనిషి. వీధి చివరికి రావడానికి వారం పట్టింది.

ఇవాళ బస్సు వచ్చి ఆగితే లేచి దాని మెట్టుని తట్టాను. డ్రైవరు తల బయటపెట్టి "తాతా, ఎక్కుతావా, బండి బేరం చేస్తున్నావా?" అన్నాడు. లోపలివాళ్ళందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఎక్కలేదు. కాలు లేచింది, మెట్టుదాకా వెళ్ళింది, అక్కడ ఆగిపోయింది. బస్సు వెళ్ళిపోయింది. మళ్ళీ బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

ఆదివారం సంగతి మాటివ్వలేను.

ఇక్కడ కూర్చుంటే పోస్టాయనకి మీసాలున్నాయని తెలిసింది. ఇన్నాళ్ళూ తెలీదు.

తమ్ముడు

*

మా వంటింటి బల్ల దగ్గర

తమ్ముడూ,

బస్సు బేరం ఎంతదాకా వచ్చింది? కొంటే ఎర్రది కొనకు, పసుపుది తీసుకో, తేలిగ్గా ఉంటుంది.

మాటివ్వమని నేనడిగానా? నువ్వు వచ్చినా రాకపోయినా నేను బండెక్కడం ఖాయం. ఆ స్టేషన్లో టీ బాగుంటుందట, ప్లాట్‌ఫారం చివర నాచు పట్టిన పాత గోడ ఉందట. నా దగ్గరి లెన్సుకి గోడ చాలు. కాబట్టి నా కోసమని ఏమీ చేయకు. నాకేం కంగారు లేదు. క్లాసులో నా నాచు ఫోటో చూసి ఒకాయన "ఇది ఏ అడవి?" అన్నాడు. "మా స్నానాలగది గోడ" అన్నాను.

నా బండి పదకొండింటికి చేరుతుంది. ఊరికే చెప్తున్నాను.

అక్క

*

మధ్య స్టేషను, రెండో ప్లాట్‌ఫారం, గడియారం కింద బల్ల

అక్కా,

దీన్ని పోస్టులో వేయను, నీ చేతికే ఇస్తాను. ఉత్తరం అలవాటైపోయింది, ఊరికే కూర్చోలేకపోతున్నాను. నీ బండి ఆలస్యమని చెప్తున్నారు. సమయానికి రావాలని ప్రపంచానికంతా పాఠాలు చెప్పే మనిషివి, నీకంటే ముందు నేనొచ్చి కూర్చున్నాను. ఇది ఎక్కడైనా రాసి పెట్టుకో.

బస్సెలా ఎక్కానో చెప్పను. మొదటిది వదిలేశాను, అంతవరకే చెప్తాను. రెండోదాని మెట్టు తట్టాను, చప్పుడు బాగానే ఉంది, ఎక్కాను. వెనక నిలబడ్డ అబ్బాయి చెయ్యి అందించబోయాడు. వద్దందామనుకున్నాను. తర్వాత ఎందుకు వద్దనాలి అనిపించింది, పట్టుకున్నాను. దిగేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. నువ్వైతే అది తప్పు పద్ధతంటావు.

రైల్లో నా ఎదురు సీటావిడ నా మెడలో ఎర్ర పట్టీ చూసి, "మా అబ్బాయి దగ్గర పసుపు పట్టీది ఉంది, అదే మంచిదట కదండీ?" అంది. నీ తరఫున గంటసేపు వాదించాను. నువ్వుంటే గర్వపడేదానివి. లేదా నా వాదన కూడా దిద్దేదానివి.

బండి వస్తోంది.

వచ్చింది. అందరూ దిగుతున్నారు. చివరి పెట్టె దగ్గర నువ్వు దిగావు. చేతిసంచి, మెడలో కెమెరా, పైట కింద దాచుకున్నావు గానీ పసుపు పట్టీ కనిపిస్తోంది. నువ్వు అటువైపు వెతుకుతున్నావు. గోడ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. టీ కొట్టు దాటి వెళ్ళిపోయావు.

దూరపు లెన్సు పెట్టాను. నీ మొహం ఇంతకింత దగ్గరికొచ్చింది. ఒక ఫోటో తీశాను, కెమెరా దించి ఈ ముక్క రాస్తున్నాను. ఎంత కంగారు అక్కా నీ మొహంలో. బల్లలన్నీ వెతుకుతున్నావు, పెదవులు కదులుతున్నాయి, నన్నే తిట్టుకుంటున్నట్టున్నావు. ఇన్ని ఉత్తరాలు రాశావు, ఈ మొహం ఒక్కసారీ చూపించలేదు.

ఇంక పిలుస్తాను. లేదు, పిలవను. నువ్వు అక్కడే నిలబడు, ఎటూ కదలకు. నేనే లేచి వస్తున్నాను.